మన ఊరికి బెంచీలు పంపించే ముందు...

సొంతూరికి ఏదో ఒకటి చెయ్యాలన్న దురద మన సాఫ్టువేరు జనాల్లో కాస్త ఎక్కువే. మంచిదే. ఒకప్పుడు గుడికి మైకుసెట్టు, తర్వాత బడికి కంప్యూటర్లు, ఆ తర్వాత మంచినీళ్ళ ప్లాంటు. ఇప్పుడు నడుస్తున్నది పార్కు బెంచీల సీజను. వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఫొటో పెడతాడు, డల్లాస్ నుంచి ఇంకొకాయన "నావి రెండు" అంటాడు, బెంగళూరు నుంచి మరొకావిడ "మా తరఫున నాలుగు రాసుకోండి" అంటుంది. సాయంత్రానికల్లా పాతిక బెంచీలు తేలతాయి. వాటి మీద ఎవరి పేర్లు చెక్కించాలి అన్నదాని మీద వారం రోజుల చర్చ. ఎక్కడ వెయ్యాలి, నేల ఎలాంటిది, కూర్చునేది ఎవరు... ఈ మూడింటి మీద మాత్రం ఒక్క మెసేజీ ఉండదు.

ఈ మధ్య ఈ చర్చల్లోకి ఒక కొత్త మాట వచ్చి చేరింది. "బెంచీలు ప్రకృతిలో కలిసిపోయేలా ఉండాలి" అని. వినటానికి బాగుంది. తీరా ఆ మాటకి మనవాళ్ళు చెప్పుకునే అర్థమేంటంటే, చెట్టు మొద్దు ఆకారంలో పోతపోసిన సిమెంటు బెంచీ! బెరడు గీతలు, కొమ్మ నరికిన చోట గుండ్రాలు, పైన గోధుమరంగు పెయింటు. మన రాష్ట్రంలో ఏ మునిసిపల్ పార్కుకి వెళ్ళినా ఇవి కనిపిస్తాయి. రెండు వానాకాలాలు పోయేసరికి పెయింటు పొలుసులు లేచి, కింద బూడిదరంగు బయటపడి, అది చెట్టూ కాక బెంచీ కాక రెంటికీ చెడి కూర్చుంటుంది.

నా వాదన ఒక్క ముక్కలో చెప్తా. ప్రకృతిలో కలిసిపోవటం అంటే ప్రకృతి వేషం వెయ్యటం కాదు. ఆ నేల కదిలితే తట్టుకోవాలి, ఆ ఎండకి కాలకూడదు, ఆ చెట్టుని చంపకూడదు, ఆ ఊరి మనుషులు కూర్చునే పద్ధతికి సరిపోవాలి. ఈ నాలుగూ కుదిరితే అది ఎలాగూ ఆ చోటులో కలిసిపోతుంది, రంగులు పుయ్యక్కర్లేదు. కుదరకపోతే ఎంత అందమైన బొమ్మైనా రెండేళ్ళలో పరాయిదిగా మిగులుతుంది.

సరే, ఉదాహరణకి మా ప్రాంతమే తీసుకుందాం. గుంటూరు నుంచి పర్చూరు రోడ్డు పట్టుకుని దక్షిణంగా పోతే వచ్చేది ప్రత్తిపాడు (కాకినాడ జిల్లాలోనూ ఒక ప్రత్తిపాడు ఉంది, అది వేరు). పేరులోనే పత్తి ఉన్న ఊరు. అటు పెదనందిపాడు మీదుగా పర్చూరు దాకా ఇదే వరస: పత్తి, మిరప, మధ్యమధ్య శనగ. కొండ లేదు, గుట్ట లేదు. కనుచూపు మేర చదును. ఆ చదునంతా నల్లరేగడి.

ఈ నల్లరేగడి గురించి తెలియకుండా ఇక్కడ ఇటుక మీద ఇటుక పెట్టకూడదు. ఇందులో మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. పొరలు పొరలుగా ఉండే ఈ ఖనిజం, తడి తగిలితే పొరల మధ్యకి నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే ఆగస్టులో కాలు పెడితే చెప్పు ఊడి రాని నేల, మే నెలలో చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది. పత్తికి ఇది వరం, తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి. కట్టడాలకి మాత్రం శాపం. మన ఊళ్ళల్లో తలుపులు వానాకాలం పట్టకపోవటానికి, ప్రహరీ గోడలు మెట్లుమెట్లుగా పగలటానికి సగం కారణం ఈ నేలే. ఏటా కిందనుంచి ఎవరో మెల్లగా పైకెత్తి మళ్ళీ దించుతున్నట్టన్నమాట.

ఇలాంటి నేల మీద నాలుగు కాళ్ళూ కలిపి ఒకే ముక్కగా పోతపోసిన సిమెంటు బెంచీ పెడితే ఏమవుతుంది? ఒక కాలు కింద తడి, ఇంకో కాలు కింద పొడి. ఒకటి లేస్తుంది, ఒకటి దిగుతుంది. మధ్యలో ఉన్న పలక ఆ తేడాని భరించలేక బీట ఇస్తుంది. బీటలోంచి నీళ్ళు పోయి లోపలి ఊచ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి సిమెంటుని పెచ్చులుగా ఊడదీస్తుంది. ఇదంతా కాంట్రాక్టరు మోసమే అయి ఉండాలని లేదు. సిమెంటు, ఇసుక పాళ్ళు సరిగ్గా వేసినా ఇదే జరగొచ్చు. డిజైనులోనే బగ్గు ఉంది మరి.

ఇంజనీర్లు దీనికి మందు కనిపెట్టకపోలేదు. రూర్కీలోని సీబీఆర్ఐ వాళ్ళు అడుగున గంటలా వెడల్పయ్యే అండర్‌రీమ్డ్ పైళ్ళని మన నల్లరేగడి కోసమే వాడుకలోకి తెచ్చారు. ఐఐటీ బొంబాయిలో కట్టి అనే ప్రొఫెసరు, రేగడి మీద ఉబ్బని మట్టి పొర ఒకటి మందంగా వేస్తే కింది ఉబ్బు పైకి రాదని చూపించారు. ఇళ్ళకీ, కాలవలకీ ఇవి సరే. ఒక బెంచీ కింద పైళ్ళు దించుతామా? "హలో వరల్డ్" ప్రింటు చెయ్యటానికి సర్వర్ల క్లస్టరు పెట్టినట్టుంటుంది.

మరి మన పెద్దవాళ్ళేం చేశారు? రెండు రాళ్ళు నిలబెట్టి, వాటి మీద ఒక నాపరాయి పడేశారు. అంతే. కలిపేదేమీ లేదు. సిమెంటు లేదు, సున్నం లేదు.

ఇందులో ఉన్న ఇంజనీరింగ్ చిన్నది కాదండోయ్. ఒక పలక రెండే ఆధారాల మీద ఉంటే, ఒక ఆధారం అంగుళం దిగినా పలకలోకి అదనపు ఒత్తిడి రాదు, కాస్త వాలుతుందంతే. అదే మూడు ఆధారాల మీద బిగించారనుకోండి, మధ్యది దిగినా లేచినా పలక వంగాల్సిందే. రాయి వంగదు, విరుగుతుంది. సివిల్ వాళ్ళు మొదటి దాన్ని స్టాటికల్లీ డిటర్మినేట్ అంటారు. మన భాషలో చెప్పాలంటే లూజ్ కప్లింగ్. ఒక మాడ్యూలు కాస్త పక్కకి జరిగితే మిగతా సిస్టం కూలిపోదు. వాలినప్పుడు నలుగురు కలిసి పలక లేపి, కింద ఒక చిల్లపెంకు దోపితే రిపేరు అయిపోయినట్టే. డౌన్‌టైం పది నిముషాలు :)

ఇంకో చిన్న లెక్క. రాళ్ళు పలక చివర్ల కింద కాకుండా, ఒక్కో చివరి నుంచి పొడవులో ఐదో వంతు లోపలికి పెడితే, పలక తన బరువుకి తాను వంగే ఒత్తిడి అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆరడుగుల పలకకి ఇది అడుగుం పావు. పాత అరుగుల దగ్గర కొలిచి చూడండి, చాలాచోట్ల దాదాపు అక్కడే ఉంటాయి. వాళ్ళకి కాలిక్యులస్ రాకపోవచ్చు, విరిగిన రాళ్ళు మాత్రం చాలానే చూసి ఉంటారు.

రాయి కూడా దగ్గర్లోనే దొరుకుతుంది. పల్నాడులో మాచర్ల వైపు నాపరాయి గనులున్నాయి. అదంతా సున్నపురాయి నేల, అందుకే దాచేపల్లి, మాచర్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న పలక పావుటన్ను పైనే తూగుతుంది. అంటే ఎవడూ చంకన పెట్టుకుపోలేడు, బోల్టులతో పనిలేదు.

ఇక్కడ "మరి గ్రానైటో?" అంటారు. అవును, ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ రాయి ప్రపంచమంతా పోతోంది. ఏ ఫైవ్‌స్టార్ హోటలు లాబీలోనో నల్లటి నేల మీద బంగారు చుక్కలు మెరుస్తుంటే అది మన చీమకుర్తిదేమో చూడండి. గర్వించాల్సిందే. కానీ లాబీలో ఏసీ ఉంటుంది. మన దగ్గర మే నెలలో గాలే 44 డిగ్రీలు. రెంటచింతల పేరు ఏటా పేపర్లో చూస్తూనే ఉంటాం కదా. ఆ రోజుల్లో ఎండలో పడి ఉన్న నల్లరాయి 60 డిగ్రీలు దాటటంలో వింతేమీ లేదు. దాని మీద కూర్చోవటం అంటే పెనం మీద అట్టు కూర్చోవటమే. బస్టాపుల్లో పెట్టే స్టీలు కుర్చీలదీ అదే కథ. లేతరంగు నాపరాయి కూడా ఎండలో వేడెక్కుతుంది, కాదనను. కాకపోతే నీడలో ఉన్న మందపాటి రాయి రాత్రి చల్లదనాన్ని మధ్యాహ్నం దాకా దాచుకుంటుంది. అంటే రాయి కంటే ముందు చూడాల్సింది నీడ.

నీడ గురించి మనవాళ్ళు అసలు ఆలోచించరు. చెట్టు దగ్గర పెడితే చాలనుకుంటారు. చెట్టుకి ఏ వైపు? ప్రత్తిపాడు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ చెట్టు కిందే పడుతుంది. మూడింటికి, నాలుగింటికి సూర్యుడు పడమటికి, కాస్త ఉత్తరంగా వాలతాడు. అప్పుడు నీడ తూర్పుకి, కాస్త ఆగ్నేయంగా జరుగుతుంది. జనం ఎక్కువగా కూర్చునేది ఆ వేళకే. కాబట్టి అరుగు చెట్టుకి తూర్పున ఉండాలి. పడమట వేస్తే సాయంత్రం ఆరింటి దాకా అక్కడ కాకి కూడా వాలదు. దీనికి సాఫ్టువేరు అక్కర్లేదు, ఒక రోజు సెలవుపెట్టి ఆ చెట్టు దగ్గర నిలబడితే చాలు.

చెట్టు మాట వచ్చింది కాబట్టి దాని కష్టం కూడా చెప్పుకోవాలి. "రచ్చబండ అభివృద్ధి" పేరుతో జరుగుతున్నదేమిటంటే, వేపచెట్టు మొదలు చుట్టూ గుండ్రంగా గోడ కట్టి, లోపల మట్టి నింపి, పైన సిమెంటు చేసి, టైల్సు అతికించటం. చూడటానికి నీటుగా ఉంటుంది. చెట్టు ఊపిరి ఆగిపోతుంది. చెట్టుకి తిండి, నీళ్ళు తెచ్చే సన్నవేళ్ళలో ఎక్కువ భాగం పైపైన ఒకటి రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. వాటికి గాలి కావాలి. మొదలు చుట్టూ మట్టి ఎత్తు పెరిగితే బెరడు కుళ్ళటం మొదలవుతుంది. రావి, మర్రి మొండివి, ఎలాగో బతికేస్తాయి, గోడనే బద్దలు కొడతాయి. వేప, కానుగ అలా కాదు. పాతకాలపు రచ్చబండలు రాళ్ళు పేర్చినవి. సందుల్లోంచి గాలీ పోయేది, వాన నీరూ ఇంకేది. సిమెంటు పలాస్త్రీ వచ్చాక ఆ సందులు మూసుకుపోయాయి.

దీని మీద కోర్టుల దాకా వెళ్ళిన వాళ్ళున్నారు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్, ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసెయ్యమని ఆదేశించింది. మన పంచాయతీలు ఆ ఆదేశం చదవక్కర్లేదు, అందులో ఉన్న ఇంగితం పాటిస్తే చాలు. రేగడి నేలలో ఇంకో తిరకాసు కూడా ఉంది. పెద్ద చెట్టు ఎండాకాలంలో చుట్టూ ఉన్న మట్టిలోంచి తేమ లాగేస్తుంది, అక్కడ నేల ఇంకా ఎక్కువగా కుంగుతుంది. చెట్టు చుట్టూ కట్టిన గుండ్రటి గోడ పగలకుండా ఉండటం కష్టం. విడివిడి అరుగులకైతే ఆ బాధే లేదు.

ఇప్పుడు మనుషుల దగ్గరకి వద్దాం. మార్కెట్లో దొరికే బెంచీ వెడల్పు పద్నాలుగు, పదిహేను అంగుళాలు ఉంటుంది. కాళ్ళు కిందకి వేలాడేసి, వెనక్కి ఆనుకుని, అరగంట కూర్చుని వెళ్ళిపోయే మనిషి కోసం చేసిన వస్తువది. మా ఊరి పెద్దవాళ్ళు అలా కూర్చోరు. ఒక కాలు పైన ముడుచుకుని, ఒకటి కిందకి వదిలి కూర్చుంటారు. కాసేపటికి రెండో కాలు కూడా పైకొస్తుంది, బాసింపట్టు వేస్తారు. పేపరు మధ్యలో పరుస్తారు. మధ్యాహ్నమైతే తువ్వాలు తలకింద పెట్టుకుని ఒరుగుతారు. దీనికంతటికీ పదిహేను అంగుళాలు ఏం సరిపోతుంది? రెండున్నర, మూడు అడుగులు కావాలి. అందుకే మనది అరుగు, బెంచీ కాదు. పార్కుల్లో బెంచీ మధ్యలో ఇనుప చేతులు బిగించి ఎవరూ పడుకోకుండా చేస్తున్నారు చూడండి, అది డిజైన్ కాదు, గెంటివేత. మండుటెండలో పనికెళ్ళొచ్చిన మనిషి గంటసేపు నడుం వాలిస్తే ఊరికి వచ్చిన నష్టమేంటి?

ఎత్తు కూడా చూడాలి. విలియం వైట్ అనే ఆయన న్యూయార్కులో జనం ఎక్కడ కూర్చుంటున్నారో కెమెరాలు పెట్టి ఏళ్ళ తరబడి గమనించి 1980లో ఒక పుస్తకం వేశాడు. అందులో తేల్చిందేంటంటే, అడుగు నుంచి మూడడుగుల ఎత్తు దాకా ఉన్న ఏ గట్టు మీదైనా జనం కూర్చుంటారు, కూర్చోవటానికి చోటుంటేనే జనం చేరతారు అని. మన పంటకాలవ వంతెన గోడ చూసినవాడికి ఇది కొత్త విషయం కాదు. కానీ మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకి అడుగు ఎత్తు గట్టు మీదనుంచి లేవటం నరకం. పద్దెనిమిది అంగుళాలు, పక్కనే చెయ్యి ఊతానికి ఒక నిలువురాయి ఉంటే తనంతట తాను లేస్తుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇదంతా మన వృత్తికి దూరపు చుట్టం కూడా కాదు. మనం ఇంటర్వ్యూల కోసం బట్టీపట్టే డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం 1994లో వచ్చింది. ఆ ఆలోచన ఎక్కడిది? క్రిస్టొఫర్ అలెగ్జాండర్ అనే భవన శిల్పిది. ఆయన బృందం 1977లో వేసిన ప్యాటర్న్ లాంగ్వేజ్ పుస్తకంలో 253 ప్యాటర్న్‌లున్నాయి. అందులో కూర్చునే చోటు ఎంచుకోవటం ఒక ప్యాటర్న్, ఇంటి గుమ్మం దగ్గర అరుగు ఒకటి, కూర్చోగలిగే పిట్టగోడ ఒకటి, చెట్ల కింది చోటు ఒకటి. పిట్టగోడ పదహారంగుళాల ఎత్తు, కనీసం పన్నెండంగుళాల వెడల్పు ఉండాలని కూడా రాశారు. మనం సింగిల్‌టన్, ఫ్యాక్టరీ మాత్రం నేర్చుకుని, వీధి అరుగు వదిలేశాం! ఇంకో తమాషా ఏంటంటే, అంతకు ముందు 1964లో ఆయన వేసిన పుస్తకంలో పెద్ద ఉదాహరణ గుజరాత్‌లోని ఒక పల్లెటూరు. ఆ ఊరికి కావాల్సినవి 141 అంశాలుగా రాసుకుని, ఏది దేనితో ముడిపడి ఉందో గ్రాఫు గీసి విడగొట్టాడు. రిక్వైర్‌మెంట్స్ అంటే అదీ. మన వాట్సాప్ గ్రూపులో ఉన్న రిక్వైర్‌మెంటు ఒక్కటే, దాత పేరు పెద్ద అక్షరాల్లో కనపడాలి. అదీ వీపు ఆనే చోట చెక్కిస్తారు. ఎవరో పెద్దాయన పేరుకి రోజూ నలుగురు వీపులు ఆనించి కూర్చోవటం ఆయనకి గౌరవమో కాదో మీరే చెప్పండి.

"అయితే కొత్తదేదీ చెయ్యకూడదా, పాత రాళ్ళే గతా?" అని అడగొచ్చు. అదేం లేదు. బార్సెలోనాలో గౌడి 1900–1914 మధ్య పార్క్ గుయెల్ కట్టినప్పుడు పాములా మెలికలు తిరిగే బెంచీ చేశాడు. దాని మీదంతా రంగురంగుల పెంకుముక్కలు, ఎక్కడా దాక్కోదు. అయినా ఆ కొండకి అతికినట్టుంటుంది. ఆ మెలికల్లో నలుగురు చుట్టూ చేరి మాట్లాడుకోవచ్చు. ఆ మైదానం మీద పడిన వాన నీరు కింది స్తంభాల్లోంచి దిగి తొట్టిలోకి చేరుతుంది. మన పక్కనే కేరళలో లారీ బేకర్, తిరువనంతపురం ఇండియన్ కాఫీ హౌసులో బల్లలు, కూర్చునే గట్లు ఇటుకతోనే గోడలో భాగంగా కట్టేశాడు. అక్కడే సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో చెట్లు కొట్టకుండా గోడల్నే వంపు తిప్పాడు. మన నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు రంగస్థలం చూడండి. మెట్లుమెట్లుగా రాతి ఆసనాలు. సాగర్ నీళ్ళలో మునిగిపోకుండా రాళ్ళు తెచ్చి అనుపులో తిరిగి నిలబెట్టారు. వెళ్ళినప్పుడు ఫొటో దిగి వచ్చెయ్యకుండా కాసేపు ఆ మెట్ల మీద కూర్చోండి. పదిహేడు వందల ఏళ్ళ కిందటి సీటింగ్ ఇప్పటికీ పనిచేస్తోంది, ఏ ప్యాచ్ లేకుండా.

దీనికి పూర్తి వ్యతిరేకం హైదరాబాదులో చూశాం. అక్కడి బండలు 250 కోట్ల ఏళ్ళ నాటివి. వాటిని కాపాడాలని 1996లోనే ఒక సంఘం పుట్టింది. అయినా ఐటీ బిల్డింగుల కోసం చాలావాటిని పేల్చేశాం. నేను పనిచేసిన ఒక క్యాంపస్‌లో ఆ పేల్చిన చోటే ల్యాండ్‌స్కేపింగ్ అని చెప్పి ఫైబరుతో చేసిన డొల్ల బండరాళ్ళు పెట్టారు. లోపల స్పీకర్లు కూడా. ఉద్యోగులు వాటి మీద కూర్చుంటారని ఆశ. కూర్చుంటే టప్ మని మోగేది. అసలు బండని తీసేసి నకిలీ బండకి డబ్బు కట్టటం! మన ఊళ్ళో వేప కొమ్మలు కొట్టేసి సిమెంటు మొద్దు పెట్టటం కూడా ఇదే కదా.

ఇంతవరకూ రాళ్ళూ చెట్లూ. అసలు కష్టమైన ప్రశ్న ఇంకా ఉంది. ఎవరు కూర్చుంటారు?

రచ్చబండ అనగానే మనకి ఎక్కడలేని ప్రేమ పొంగుతుంది. ఊరంతా కలిసి కూర్చునే చోటని సినిమాలు చెప్పాయి. ప్రభుత్వాలు కూడా ఆ పేరు వాడుకున్నాయి. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆఖరిసారి హెలికాప్టరు ఎక్కింది ఆ పేరున్న కార్యక్రమానికే. ఆ మాటకున్న బలం అలాంటిది. కానీ నిజం మాట్లాడుకుందాం. రచ్చబండ మీద ఊరంతా కూర్చోలేదు. ఆడవాళ్ళు కూర్చోలేదు, వాళ్ళకి ఇంటి అరుగే గతి. పల్లెలోని వాళ్ళు కూర్చోలేదు, దూరంగా నిలబడ్డారు. కూర్చోవటం అనేది మన జిల్లాల్లో ఏనాడూ చిన్న విషయం కాదు. 1985 జులైలో కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర, ఆరుగురు దళితుల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపటానికి ముందు రాజుకున్న తగాదా, సినిమా హాల్లో కాలు తగిలిందని. ఒక సీటు, ఒక కాలు. ఈ రెండు ఊళ్ళూ ప్రత్తిపాడుకి పరాయి దేశంలో లేవు.

అందుకని "పాత రచ్చబండని పునరుద్ధరిద్దాం" అంటే నేను చప్పట్లు కొట్టలేను. ఆ రాతిపని నేర్చుకుందాం, ఆ కూర్చునే వరస కాదు. గుడి ముందు చెట్టు కింద వేసిన అరుగు అందరిదీ అని బోర్డు పెట్టినంత మాత్రాన అందరిదీ అవ్వదు. అందరికీ పని ఉండే చోటు చూడాలి: బస్సు ఆగే సెంటరు, ఆస్పత్రి ముందు, రేషను షాపు పక్కన, బడి గేటు దగ్గర. అక్కడ నిలబడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి కూర్చోవటానికీ అక్కర్లేదు.

మిరప కోతల సీజనులో తెల్లారకముందే సెంటరుకి వచ్చి చూడండి. కోతకి వెళ్ళే ఆడవాళ్ళు చలిలో నెత్తిన గుడ్డ కట్టుకుని, క్యారేజీ కింద పెట్టుకుని, ఆటో కోసం నిలబడి ఉంటారు. కొంతమంది మూసేసిన షాపు మెట్ల మీద, కొంతమంది చెప్పులు పరుచుకుని నేల మీద. రోజంతా నడుం వంచి కాయ కోసేవాళ్ళు, పొద్దున్నే ఆ అరగంట కూడా నిలబడే ఉంటారు. మన పాతిక బెంచీల్లో ఒక్కటీ వాళ్ళ దగ్గరకి రాదు. పార్కులో సాయంత్రం వాకింగ్ చేసేవాళ్ళ కోసం వెళ్తాయి. నా దృష్టిలో ఊరికి కావాల్సిన మొదటి అరుగు పార్కులో కాదు, ఆ ఆటో స్టాండు దగ్గర.

సరే, ఉపన్యాసం చాలు. డబ్బు పంపే ముందు చెయ్యగలిగినవి నాకు తోచినంతలో:

1. ముందు చోటు. ఒక రోజంతా ఎవరు ఎక్కడ నిలబడుతున్నారు, ఏ మెట్ల మీద కూర్చుంటున్నారు అని ఊళ్ళో ఉన్న ఒక కుర్రాణ్ణి రాసిపెట్టమనండి. జనం ఇప్పటికే ఎక్కడ కూర్చుంటున్నారో అక్కడే అరుగు కావాలి. అడగాల్సింది సర్పంచిని ఒక్కడినే కాదు, కోతలకెళ్ళే ఆడవాళ్ళని కూడా.

2. నీడ ముందు, రాయి తర్వాత. చెట్టు లేకపోతే ఈ ఏడాది డబ్బుతో వేపో కానుగో నాటి కంచె వెయ్యండి. పెరిగేదాకా ఒక తాటాకు పందిరి చాలు.

3. రేగడిని అడుగు, అడుగున్నర లోతు తీసేసి గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించండి. చుట్టూ నేల బయటకి వాలుగా ఉండాలి, అరుగు కింద నీళ్ళు నిలవకూడదు.

4. రెండు దిమ్మరాళ్ళు, ఒక నాపరాయి. సిమెంటుతో అతకొద్దు. పలక వెడల్పు రెండున్నర అడుగులకి తగ్గొద్దు, అంచులు గుండ్రంగా కొట్టించండి. కర్ర వాడాలనుకుంటే నేలకి తగలనివ్వొద్దు, చెదలు ఊరుకోవు.

5. చెట్టు మొదలు నుంచి మీటరు దూరం వదలండి. సిమెంటు ఉంటే తీయించండి. టైల్సు అసలు వద్దు.

6. మూడో నాలుగో అరుగులు ఒకదానికొకటి ఎదురుగా, కాస్త మూలగా పెట్టండి. రైలు పెట్టెలో వరసలా పెడితే మాటలు సాగవు.

7. పేరు కావాలంటే దిమ్మరాయి పక్కన చిన్నగా చెక్కించుకోండి. వద్దంటే ఇంకా మంచిది.

8. ఏడాదికోసారి, వానలు వెనకబట్టాక, పలకలు సరిచేసే పనికి కూడా డబ్బు పక్కన పెట్టండి. మెయింటెనెన్స్ లేని రిలీజు ఎలా ఏడుస్తుందో మనకి వేరే చెప్పాలా?

ఇందులో ఏదీ పేటెంటు తీసుకునేంత విద్య కాదు. బెంచీల క్యాటలాగులో దొరకదు కాబట్టి మనకి కనపడదు, అంతే. ఇలా వేసిన అరుగుని రిబ్బను కట్ చేసిన మర్నాడు ఎవరూ ఫొటో తీయరు. రెండో ఏడు వానకి దాని కింద గడ్డి మొలుస్తుంది, పలక మీద ఎవరో పులి జూదం గీతలు గీస్తారు, కోతల రోజుల్లో క్యారేజీలు వరసగా పేరుస్తారు. అది ఎప్పుడు వేశారో, ఎవరు డబ్బులిచ్చారో ఎవరికీ గుర్తుండదు. కలిసిపోవటం అంటే నాకు తెలిసి అదే.